బొరుగుల అంగడి స్పానిష్

హిందూపురంలో బెల్లం మండీల వైపు పోయే దారిలో హనుమంతరాయుడికి బొరుగుల అంగడి ఉండేది. బొరుగులు, పప్పులు, వేయించిన శెనక్కాయలు, తిరునాళ్ళ రోజుల్లో నూనెలో వేయించిన కారాలు. తూకం ఆయనది, పొట్లాలు కూతురు కమలాక్షివి. బెంగళూరు నుంచి చిత్తుకాగితాలు మూటలు మూటలుగా వచ్చేవి. బడి విడిచిపెట్టగానే ఆ పిల్ల అంగడి వెనకాల గోనెపట్టా పరుచుకొని కూర్చునేది. కాగితం చింపడం, చదవడం, మడవడం. మధ్యలోది మాత్రం తప్పకుండా చేసేది. తెలుగైతే తెలుగు, కన్నడమైతే కన్నడం, ఏదీ వదిలేది కాదు.

"ఇంత నిదానంగా మడిస్తే బేరాలు పోతాయి కదప్పా," అని పక్కంగడివాళ్ళు అంటే హనుమంతరాయుడు నవ్వేవాడు. "చదివిన కాగితంలో కడితే బొరుగులేమన్నా చప్పబడతాయా? చదువుకోనీ."

ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా, అంటే యాభై రెండో యాభై మూడో, ఒక పుస్తకం వచ్చింది. ఆ రోజు సంత. జనం ఎగబడి వస్తున్నారు. చదివే తీరిక లేక కమలాక్షి చేతికందినట్లు చింపి పొట్లాలు చుట్టింది. సాయంత్రం సందడి తగ్గాక చూస్తే అట్ట లేదు, ముందు సగం లేదు, చివర కొంత లేదు. అదంతా శెనక్కాయలతోపాటు ఊళ్ళకు పోయింది. మిగిలిన పేజీల్లో అన్నీ నిచ్చెనలే. ఒక్కో నిచ్చెనకు ఆరు మెట్లు, మెట్టుకొక మాట, నిచ్చెన పైన ఇంగ్లీషులో "మాట్లాడుట", "తినుట", "చూచుట" అని అర్థం.

మరుసటి రోజు బళ్ళో ఇంగ్లీషు చెప్పే ఏసురత్నం టీచరుకు చూపించింది. టీచరు కళ్ళద్దాలు సర్దుకొని పేజీ పైన సన్నటి అక్షరాలు చదివింది.

"స్పానిష్ అని ఉండాది. స్పెయిన్ దేశపోళ్ళ భాష. ఇవి క్రియాపదాలు. పైనుంచి కిందికి నేను, నువ్వు, వాడు, మేము, మీరు, వాళ్ళు."

"ఎట్ల పలకాల టీచర్?"

"నాకూ తెలీదు తల్లీ. రాసినట్ల పలుకు. వాళ్ళెవరూ హిందూపురానికొచ్చి తప్పు పట్టరు."

కమలాక్షి రాసినట్లే పలికింది. హబ్లో, హబ్లాస్, హబ్లా. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాడు మాట్లాడతాడు. రెండోసారి పలికేటప్పటికి ఆమెకు ఏదో తోచింది. ఇంగ్లీషులో నేనైనా, నువ్వైనా, మేమైనా ఆ మాట మొద్దులాగా కదలకుండా కూర్చుంటుంది. ఇది అట్లా కాదు. పోతాను, పోతావు, పోతాడు అన్నట్లు తోక తిప్పుతుంది. తోక చూస్తే మనిషి తెలిసిపోతాడు, వేరే పేరు పెట్టి చెప్పే పనే లేదు. యాడనో సముద్రాలవతల, మొహం కూడా తెలియని జనం, మాటను సరిగ్గా మన మాదిరే మెలి తిప్పుతున్నారు. ఆ రాత్రి పడుకుంటే కూడా ఆ నిచ్చెనలే కనపడినాయి. ఎక్కుతూ ఎక్కుతూ ఉంటే పైన ఎవరో ఉన్నారు, మొహం తెలియలేదు.

ఆ పేజీల్లో పొట్లం కట్టడానికి హనుమంతరాయుడు మళ్ళీ అడగలేదు. కమలాక్షి వాటిని సూదీదారంతో కుట్టుకొని పెట్టుకుంది. కాగితాలు మడుస్తూ, బొరుగులు వేయించే దాక పక్కన కూర్చొని, నీళ్ళు మోస్తూ ఆ మాటలు నోట్లో నానబెట్టుకునేది. కోమో, కోమెస్, కోమె. తింటాను, తింటావు, తింటాడు. ఎవరితో మాట్లాడాలని కాదు, ఎక్కడికో పోవాలని కాదు. చింతపిక్క చప్పరిస్తే ఊరినట్లు నోరూరేది, అంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది ఆమెను ధర్మవరం ఇచ్చినారు. పెళ్ళికొడుకు తిప్పన్న, పట్టుచీరలు నేసే ఇంటి రెండో కొడుకు. పుస్తకం పేజీలు పెట్టె అడుగున, కొత్త చీరల కింద పడుకొని ఆమెతోపాటు రైలెక్కినాయి.

ధర్మవరం ఇంట్లో నడవా నిండా రెండు గుంట మగ్గాలు. ఒకదాంట్లో తిప్పన్న, ఇంకోదాంట్లో వాళ్ళన్న. గోడవార మామ లింగప్ప. ముప్పైయేళ్ళ మగ్గం చప్పుడుకు ఆయన చెవులు మందగించినాయి. తోడికోడలు, ఆమె పిల్లలు, వచ్చేపోయే షావుకార్ల మనుషులు. అందరి మీదా కన్నుండేది అత్త కుళ్ళాయమ్మకు. ఆమె కోపిష్టి కాదు. కానీ ఆ ఇంట్లో ఏ మాట పుట్టినా తన చెవి మీదుగా పోవాల్సిందేనని ఆమె నమ్మకం. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో చోటు లేదు. మామూలుగా మాట్లాడితే నలుగురు వింటారు, గుసగుసలాడితే ఎనిమిది మంది వింటారు.

కమలాక్షి పని రాట్నం ముందు కూర్చొని కండెలకు పట్టు చుట్టడం. ఆమె రాట్నం తిప్పన్న మగ్గానికి మూరెడు దూరంలో ఉండేది. పెద్దల ముందు తలెత్తి మాట్లాడే కోడలు కాదు కాబట్టి దారం వైపు చూస్తూ తన మాటలు తను అనుకునేది. కిటికీలోంచి పడే ఎండలో పట్టుపోగు కనపడీ కనపడకుండా మెరిసేది, రాట్నం గుయ్యిమనేది, ఆమె పెదాలు కదిలేవి.

ఒకరోజు కుళ్ళాయమ్మ బావి దగ్గరికి పోయినప్పుడు తిప్పన్న అడిగినాడు. "ఏమ్మే, ఏం జపం అది?"

"జపం కాదు. బాస. స్పానిష్."

"అది యాడిది?"

"మా నాయన బొరుగుల అంగట్లోది."

తిప్పన్న నవ్వాపుకోలేకపోయినాడు. "అయితే నాకూ ఒక పొట్లం ఇయ్యి."

కమలాక్షి దారం మీదినుంచి చూపు తిప్పకుండానే అంది. "మిరాస్."

"అంటే?"

"నువ్వు చూస్తాండావు."

"దాంట్లో నువ్వు అనే మాట యాడుండాది?"

"తోకలో. చివర స్ అంటామే, అదే నువ్వు."

"మరి నేను?"

"మిరో. నేను చూస్తాండా."

"మిరో," అన్నాడు తిప్పన్న. అని నిజంగానే చూసినాడు. చేతిలో పేక తోసే నాడె దారి తప్పి పోగులు తెగినాయి. వాటిని ముడేసుకునేదానికి ఆ పూటంతా పట్టింది. ముడేస్తూ ముడేస్తూ కూడా మిరో, మిరాస్ అనుకుంటూనే ఉన్నాడు.

అట్లా మొదలైంది. ఆమె రోజుకొక మాట ఇచ్చేది, ఆయన పడుగులో పేక తోసినట్లు మెట్టు మెట్టుకూ పలికేవాడు. ఇద్దరికీ ఆ భాషలో ఇల్లనే మాట తెలియదు, నీళ్ళనే మాట తెలియదు, ప్రేమనే మాట అంతకన్నా తెలియదు. పేర్లున్న పేజీలన్నీ పొట్లాలై పోయినాయి. తెలిసినవి క్రియలే. అయితే ఆ భాషలో క్రియ ఒక్కటి చాలు. ఎవరో తోకలో ఉంటారు, ఎప్పుడో తోకలో ఉంటుంది. భోజనాల దగ్గర వడ్డిస్తూ ఆమె "క్వియెరెస్?" అంటే కావాలా అని. "క్వియెరో" అంటే కావాలని. ఆయన బజారుకు పోతూ గడప దగ్గర ఆగి "వోయ్" అంటే పోతున్నానని. ఇంటినిండా మనుషులుండగా, అన్న మగ్గం దడదడలాడుతుండగా, తలెత్తకుండా ఆమె "మిరాస్" అనేది. ఆయన "మిరో" అనేవాడు. ఆ ఒక్క మాట చుట్టూ కాసేపు ఇల్లంతా మాయమైపోయేది. పట్టుపోగు రంగు గాలిలోకి లేచి, వాళ్ళిద్దరి మధ్యా తెరలాగా కదిలేది.

కుళ్ళాయమ్మకు అనుమానం రాకపోలేదు. "ఏమిరా, మిరో మిరాస్ అంటాండారు?"

"పోగుల లెక్కమ్మా," అన్నాడు తిప్పన్న.

తరవాతి ఏడాది మాఘమాసంలో పెనుకొండలో కమలాక్షి మేనత్త మనవరాలికి పేరుపెడతా ఉంటే ఇద్దరినీ పంపినారు. పెళ్ళయినాక ఇద్దరే పోయిన ఊరు అదొక్కటే. తొట్లెలో బిడ్డను వేసి, అన్నాలు తిని, ఆడవాళ్ళు కునుకు తీసే సమయానికి తిప్పన్న "వామోస్" అన్నాడు. పోదాం పా. ఇద్దరూ కొండెక్కినారు.

పాత కోట గోడల మధ్య బాట రాళ్ళు ఎండకు వెచ్చగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ ఊరి చప్పుళ్ళు ఒక్కొక్కటే రాలిపోయినాయి. ముందు మనుషుల మాటలు, తరవాత కుక్కల అరుపులు, చివరికి రైలు కూత కూడా దూది మాదిరి మెత్తబడింది. కింద నేలంతా పొగమంచు పట్టినట్లు ఎండలో తేలుతుంది. మబ్బుల నీడలు గొర్రెల మంద మాదిరి చేల మీద నడుస్తున్నాయి.

ఒక పెద్ద బండ మీద కూర్చున్నారు. ఎవరూ లేరు. ఇప్పుడు తెలుగులోనే ఎంత గట్టిగానైనా మాట్లాడుకోవచ్చు. కానీ ఇద్దరికీ నోరు పెగల్లేదు. ఇన్నాళ్ళూ దాచుకొని దాచుకొని మాట్లాడినవాళ్ళకు బయలు చూస్తే బెరుకు పుట్టింది.

చివరికి తిప్పన్న అడిగినాడు. "కొత్తదేమన్నా ఉంటే చెప్పు."

"ఒకటి ఉండాది. దాన్ని తెలుగులో చెప్పేదానికి రాదు. 'రియా' అని వస్తాది మధ్యలో. అట్లయ్యింటే చేసేవాళ్ళం అంటామే, అది. కాలేదు, అవుతాదో లేదో తెలీదు, అయ్యింటే బాగుండు."

"ఏదీ, ఒకటి అను."

"వివిరియామోస్. బతికేవాళ్ళం."

"ఇంకోటి."

"డోర్మిరియామోస్. నిద్రపోయేవాళ్ళం. పొద్దెక్కేదాకా."

తిప్పన్న నవ్వి బండ మీద వెల్లకిలా పడుకున్నాడు. "పాడేవాళ్ళం అనాలంటే?"

"కాంటారియామోస్."

ఆయన ఆ మాటను ఆకాశంలోకి గట్టిగా అరిచినాడు. కోట గోడ దాన్ని తిరిగిచ్చింది, తోక మాత్రమే. మోస్, మోస్. కమలాక్షి కూడా అరిచింది. పుట్టి బుద్ధెరిగినాక ఆమె అంత గట్టిగా అరిచింది అప్పుడే. నడిచేవాళ్ళం, చూసేవాళ్ళం, పోయేవాళ్ళం. ఒక్కొక్క మాటా గాలిలోకి పోయి మబ్బు నీడల్లో కలిసింది. అరిచి అరిచి అలిసిపోయినాక తిప్పన్న అడిగినాడు.

"యాడికి పోయేవాళ్ళం?"

"చోట్ల పేర్లున్న పేజీలు శెనక్కాయలకు పోయినాయి కదప్పా."

"పోతే పోనీలే," అన్నాడు. "చోటు లేకుంటేనే బాగుండాది."

పొద్దు వాలేదాకా ఆ బండ మీదే ఉన్నారు. దిగేటప్పుడు కమలాక్షికి కాళ్ళు నేల మీద ఆనుతున్నట్లు లేదు.

ఆ తరవాత మూడేళ్ళకు తిప్పన్నకు జ్వరమొచ్చింది. మామూలు జ్వరమనుకొని కషాయాలు కాచినారు. వారం దాటినా తగ్గలేదు, ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, ఎవరినీ చూడకుండా, గడగడా మొదలుపెట్టినాడు. వోయ్, వాస్, వా. వామోస్. హబ్లాస్. క్వియెరో, క్వియెరో.

కుళ్ళాయమ్మ పెద్దకోడల్ని కేకేసింది. తోడికోడలు పరుగెత్తిపోయి సోదె చెప్పే చౌడక్కను పిలుచుకొచ్చింది. చౌడక్క మంచం చుట్టూ తిరిగి, చెవి ఒగ్గి విని, తలాడించింది.

"ఇది మన గాలి కాదు. ఈయప్ప ఏదన్నా కొండెక్కినాడా?"

"పెనుకొండ పోయినాడు మూడేండ్ల కింద," అంది కుళ్ళాయమ్మ.

"అదీ సంగతి. కోట కాడ చచ్చిన పరదేశి సిపాయి. ఇన్నాళ్ళూ లోపల దాక్కోని ఉండాడు. మిరపకాయల పొగ ఏయండి, వేపమండలు తెండి. ఎవుడో వాని నోటితోనే చెప్పిస్తా."

కుంపట్లో మిరపకాయలు పడినాయి. పొగ కమ్ముకుంది. తిప్పన్న ఊపిరాడక దగ్గుతున్నాడు, దగ్గు మధ్యలో కూడా "మిరాస్" అంటూనే ఉన్నాడు. చౌడక్క వేపమండ ఎత్తింది. అంతవరకూ తలుపు పక్కన కొంగు నోట్లో కుక్కుకొని నిలబడిన కమలాక్షి ముందుకొచ్చి కుంపటిని కాలితో బయటికి తోసింది. మంచం మీదికి వంగి, మొగుడి చెంపల మీద చేతులు పెట్టింది.

"మిరో," అంది. "మిరో. నేను చూస్తాండా."

తిప్పన్న చూపు ఆమె మొహం మీద నిలబడింది. "వామోస్?" అన్నాడు పసిబిడ్డ మాదిరి.

"వామోస్."

ఆయన కళ్ళు మూసుకొని నెమ్మదించినాడు. తోడికోడలు తన పిల్లల్ని వెనక్కి లాక్కుంది. ఇద్దరికీ పట్టిందే అని ఎవరో సన్నగా అన్నారు.

"ఏం పట్టలేదు," అంది కమలాక్షి. "సిపాయీ లేడు, దయ్యమూ లేదు. ఇది ఒక బాస. నా దగ్గర పుస్తకముండాది. నేనే నేర్పినా. పెళ్ళయినకాన్నుంచి మేమిద్దరం మాట్లాడుకుంటాండాం. ఆయనకు కావాల్సింది వేపమండలు కాదత్తా, ఆసుపత్రి."

కుళ్ళాయమ్మ పెద్దకొడుకును జట్కా పిలుచుకు రమ్మంది. ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు, మాత్రలిచ్చినారు. పథ్యాలు, జావలు, నెలకు పైగా పట్టింది. తిప్పన్న గోడ పట్టుకొని లేచి నిలబడినాడు. మళ్ళీ మగ్గంలోకి దిగినాడు.

మనిషి దక్కినాడు కానీ, కుళ్ళాయమ్మ కమలాక్షితో మాట్లాడ్డం మానేసింది. చెప్పాల్సినవి మనవలతో చెప్పించేది. "మీ చిన్నమ్మకు చెప్పు, ఉప్పు తక్కువైందని." తిట్టి ఉంటే కమలాక్షికి తేలికయ్యేది. ఒకసారి మాత్రం కొడుకుతో అంది. "పోగుల లెక్క అంటివి కదరా. నేను నిజమే అనుకుంటి. ఇన్నేండ్లు నా కండ్ల ముందర కూర్చోని, నేను లేనట్ల మాట్లాడుకుంటిరి."

తిప్పన్న తల వంచుకొని నాడె అందుకున్నాడు.

వానలు పడే రోజుల్లో ఒక పగలు, కరెంటు లేక ఇల్లంతా బూడిదరంగు వెలుగులో ఉంది. పట్టు చెమ్మగిల్లిందని మగ్గాలు ఆపినారు. మొగవాళ్ళు బయటికి పోయినారు. కమలాక్షి చిక్కుపడిన పట్టు విప్పుతుంది. కుళ్ళాయమ్మ వచ్చి ఎదురుగా కూర్చొని చిక్కు రెండో కొస పట్టుకుంది. వాన చూరు మీదినుంచి దారాలుగా కారుతుంది. దారం వైపే చూస్తూ, నేరుగా అడిగింది.

"వామోస్ అంటే ఏంది?"

కమలాక్షి ఉలిక్కిపడింది. "పోతాం అని అత్తా."

"ఎవరు పోతారు?"

"ఎవరంటే... వాళ్ళు తోకలో చెప్తారు. మోస్ అంటే..."

"మనమా, మేమా?"

కమలాక్షి చేతులు ఆగిపోయినాయి. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెకే రాలేదు. మేము పోతాం అంటే విన్నవాళ్ళ మొహం మీద తలుపేసినట్లు. మనం పోతాం అంటే తలుపు తెరిచి పట్టుకున్నట్లు. పుస్తకంలో ఆ తేడా లేదు. ఇంగ్లీషు అర్థంలోనూ లేదు. తామిద్దరూ ఆ మాట అన్న ప్రతిసారీ అది మేమే. అన్నం వడ్డించే చేతుల ముందర, ఆ చేతుల మనిషిని బయట పెట్టి.

"రెండూ ఒకటే మాటత్తా. ఏదనుకుంటే అది."

కుళ్ళాయమ్మ ఒక ముడి విప్పింది. "అట్లయితే నేనూ ఉండాను దాంట్లో."

"ఉండావత్తా."

"నాకు చెప్పకుండా నన్నెట్ల పెట్టినారు దాంట్లోకి?" అంది. నవ్విందో లేదో ఆ మసక వెలుతురులో తెలియలేదు. "చెప్పు. మొదట్నుంచి చెప్పు."

అక్షరం రాని మనిషి. చెవితో పట్టుకుంది. నేను, నువ్వు అనే మెట్లు ఆమెకు అంతగా నచ్చలేదు. మోస్ నచ్చింది. వంటింట్లో నిలబడి "కోమెమోస్!" అని కేకేస్తే, తింటాం రండని మగ్గాల్లో ఉన్నవాళ్ళంతా లేచేవాళ్ళు. చెవులు మందగించిన లింగప్పకు కూడా ఆ మోస్ వినపడేది. పిల్లలు వీధిలోకి మోసుకుపోయినారు. గోలీలాటలో ఎదురింటి పిల్లకాయలు కూడా "మిరాస్, మిరాస్" అని జగడమాడేవాళ్ళు. చౌడక్క దారిన పోతూ అది విని, అది నేను వెళ్ళగొట్టిన సిపాయి బాస అని చెప్పుకునేదంట. ఎవరూ కాదనలేదు.

తిప్పన్న ఒకనాడు దిగులుగా అన్నాడు. "ఇంగ మనకంటూ ఏం మిగల్లేదు మ్మే. వీధి వీధంతా మాట్లాడతాండారు."

కమలాక్షి కండె మార్చుకుంటూ, తలెత్తకుండా, "వివిరియామోస్," అంది.

తిప్పన్న మొహం విప్పారింది. రియా వచ్చే ఆ పేజీ ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తకు కూడా. ఆ ఒక్కటీ కొండ మీదిది.

అట్లా ఏళ్ళు నడిచినాయి. కమలాక్షికి ఇద్దరు పిల్లలు పుట్టినారు. అరవై ఆరులో అనుకుంటా, హనుమంతరాయుడికి కంటి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. చూసొద్దామని కమలాక్షి బయలుదేరితే కుళ్ళాయమ్మ కూడా చీర మార్చుకుంది. "బొరుగుల అంగడి నేను సరిగ్గా చూడనేలేదు," అంది.

గుంతకల్లు వైపు నుంచి రావాల్సిన బండి ఆలస్యం. ధర్మవరం స్టేషన్లో ఎండ తెల్లగా కాస్తుంది. పట్టాల మీద గాలి నీళ్ళ మాదిరి వణుకుతుంది. వేపచెట్టు కింద బెంచీ మీద ఇద్దరు తెల్లదొరసానులు, మిషన్ సిస్టర్లు, పాకాల బండి కోసం కూర్చొని ఉన్నారు. ఒకామె ముసలిది. ముసలామె ఏదో చెబుతుంది, రెండో ఆమె ఆమె చేయి పట్టుకొని వింటుంది. ముసలామె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కమలాక్షి కూజాలో నీళ్ళు పట్టుకొని వస్తూ ఆ బెంచీ పక్కనుంచి పోయింది. అప్పుడు వినపడింది.

కాంటాబా.

ఆమె అక్కడే నిలబడిపోయింది. పొట్లాల కాగితం మీద పుట్టి, తన నోట్లో, తన మొగుడి నోట్లో, తన అత్త నోట్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదనుకున్న మాట. అది ఇప్పుడు వేరే మనిషి ఊపిరిలో, వేడిగా, తడిగా, తనకు తెలియకుండానే బయటికొచ్చింది. నిచ్చెనలో నిలబెట్టిన మాట కాదు. నడిచే మాట.

"ఏమైందే?" అంది కుళ్ళాయమ్మ.

"అదే బాసత్తా."

"అయితే నిలబడితివేం? పోయి మాట్లాడు."

కమలాక్షి దగ్గరికి పోయి "హబ్లామోస్" అంది. సిస్టర్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఏమీ అర్థం కానట్లు మర్యాదగా నవ్వినారు. కమలాక్షికి సిగ్గేసింది. వెనక్కి తిరగబోయి, ఇందాక విన్నదాంట్లో ఇంకో మాట, చచ్చిపోవుట అనే నిచ్చెనలోది, గుర్తుకొచ్చి మెల్లగా అడిగింది. "మురియో?"

ముసలామె మొహం మారిపోయింది. కమలాక్షి చేయి గట్టిగా పట్టుకుంది. "మురియో," అంది. తరవాత ఏదో అడిగింది. "ఆబ్లాస్?" అన్నట్లు వినపడింది. కాసేపటికిగానీ కమలాక్షికి వెలగలేదు. హబ్లాస్! మాట్లాడతావా అని. ఇన్నేళ్ళుగా తను గుండె నిండా గాలి పీల్చి పలికిన ఆ హకు అసలు చప్పుడే లేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చినాయి. అవును కాదన్నట్లు తలాడించింది.

అది చాలు ముసలామెకు. చెప్పడం మొదలుపెట్టింది. చిత్రావతి పొంగితే నీళ్ళలో బండల తలలు మాత్రమే కనపడినట్లు, ఆ ప్రవాహంలో కమలాక్షికి క్రియలే కనపడినాయి. అవీ అన్నీ కావు, కొన్ని. బిబీయా అంటుంది, అది తన వివియా అయ్యుండాల. ఉండుట, బతుకుట. కాంటాబా. పాడుట. ఎస్పెరాబా. కాసుకోని ఉండుట. మురియో. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పాట, ఎవరి కోసం కాసుకొని, అవన్నీ నీళ్ళ అడుగున ఉండిపోయినాయి. కమలాక్షి తెలిసిన మాట వచ్చినప్పుడల్లా దాన్ని తిరిగి అనేది. కాంటాబా. ఎస్పెరాబా. అన్నప్పుడల్లా ముసలామె అవునవునన్నట్లు ఆమె చేతిని తన చేతిలో నిమిరేది.

పాకాల బండి ముందొచ్చింది. సిస్టర్లు సంచులు తీసుకొని ఎక్కినారు. ముసలామె కిటికీలోంచి ఏదో అంది. ఇంజను కూతలో అది వినపడలేదు.

తమ బండి కూడా వచ్చింది. ధర్మవరం దాటినాక కుళ్ళాయమ్మ కోడలి పక్కకు జరిగింది.

"ఏం చెప్పిందే ఆయమ్మ?"

"ఒకామె ఉండేదంట..." అని మొదలుపెట్టి కమలాక్షి ఆగిపోయింది. ఆమె అని ఎవరు చెప్పినారు? "ఒకాయప్ప ఉండేవాడంట..." అదీ ఎవరూ చెప్పలేదు.

"ఆడమనిషా, మొగమనిషా?"

"ఆ బాసలో తెలీదత్తా. నేను, నువ్వు, వేరేవాళ్ళు, అంతవరకే తోకలో ఉంటాది. ఆడా మొగా ఉండదు. మన తెలుగులో ఏదో ఒకటి అనకుంటే మాట పూర్తి కాదు. వాళ్ళమ్మో, నాయనో, తమ్ముడో, నాకు తెలీదు. ఎవరో ఉండడం, పాడడం, కాసుకోని ఉండడం, పోవడం, అంతే తెలిసింది."

కుళ్ళాయమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. శెనగ చేలు వెనక్కి జరిగిపోతున్నాయి. ఎండలో దూరంగా ఎవరో తలగుడ్డ చుట్టుకొని నడుస్తున్నారు, ఆడో మొగో తెలియడం లేదు.

"దానికేముండాది," అంది చివరికి. "పెద్దోళ్ళను అన్నట్ల మర్యాదగా అను. ఉండేవాళ్ళు, పాడేవాళ్ళు, కాసుకోని ఉండేవాళ్ళు. పోయినారు."

"పోయినారు," అంది కమలాక్షి.

సరిపోయింది. తెలుగులో ఆ మాటలో ఎవరైనా ఇముడుతారు.

కుళ్ళాయమ్మ ఒళ్ళో సద్దిమూట విప్పింది. చింతపండు పులుసన్నం వాసన పెట్టెంతా వ్యాపించింది. కోడలికి ఒక ముద్ద చేతిలో పెట్టింది, తనొక ముద్ద తీసుకుంది. తినకుండా ఆగి, మూటలోంచి ఇంకో చిన్న ముద్ద తీసి, ఊచల మధ్యలోంచి చేయి చాచి బయట గాలిలోకి విసిరింది.

"అదెవరికత్తా?"

"వాళ్ళకే," అంది కుళ్ళాయమ్మ. "తిను, ఎండిపోతాది."